చింపిరి మీద విచారణ

మా శిశు సంరక్షణ కేంద్రంలో ఒక పిల్లి మీద ప్రభుత్వ విచారణ జరిగింది. నిజం పిల్లి కాదు, బొమ్మల సినిమాలో పిల్లి. నిజం పిల్లయితే గోడ దూకి పోయేది, శిశు సంక్షేమ శాఖవారి పరువు దక్కేది. బొమ్మ పిల్లి కాబట్టి ఎక్కడికీ పోలేక రీలులోనే ఉండి దొరికిపోయింది.

ఆ కేంద్రంలో నేను ఆయాను. మాది జీడిపిక్కల ఊరు. ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో పిక్కలు కొడతారు, పప్పు ఒలుస్తారు. పొద్దున్నే పిల్లల్ని మా దగ్గర దించి, ఫ్యాక్టరీ సైరను రెండో కూతకి గేటు మూసేలోగా పరిగెడతారు. గేటు మూస్తే ఆ రోజు పని లేదు. మాటిమాటికీ అలా జరిగితే పీట పోతుంది. పీట అంటే వరసలో కూర్చునే చోటు. ఒక పీట ఖాళీ అయితే చాలు, కూర్చోవడానికి గేటు బయట ఎప్పుడూ కొందరు కాచుకునే ఉంటారు.

అందుచేత పొద్దున్న ఆ కాస్సేపూ మా గుమ్మం రైలు కదలబోతున్న స్టేషనులా ఉంటుంది. నాకేమో విడిపోవడాలు గిట్టవు. ఎవరైనా "వెళ్తాను" అంటే గుండె జల్లుమంటుంది. "వెళ్ళొస్తాను" అనాలి. మా అమ్మ నన్ను ఒకసారి సంతలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి, వెళ్తానని చెప్పి వెళ్ళింది. ఆ సంగతి అంతే. మా గడప మీద మాత్రం ఏ తల్లయినా ఆ రెండో సగం కూడా పలికాకే కదలాలని నేను ఒక నియమం పెట్టాను. నవ్వుకుంటూనే పలికేవారు.

పిల్లల ఏడుపులకు మందు చింపిరి. ఊళ్ళో సినిమా హాలు మూతపడినప్పుడు దాని యజమాని ఒక చిన్న ప్రొజెక్టరు, ఒక రీలు డబ్బా, వాటితోపాటు ఆపరేటరు సూర్రావుని కూడా మాకు దానం చేశాడు. ఆ డబ్బాలో ఉన్న సినిమా ఎప్పటిదో, ఏ దేశానిదో ఎవరికీ తెలియదు. నలుపు తెలుపు. మాటలు లేవు. ఒక చెవి చిరిగిన పిల్లిపిల్ల అందులో కథానాయకుడు. చిరిగిన చెవి చూసి పిల్లలే దానికి చింపిరి అని పేరు పెట్టారు.

కథ ఇంతే. తల్లిపిల్లి తిండి తేవడానికి వెళుతుంది. చింపిరి కిటికీలోంచి జారుకుంటాడు. పాలకుండ దొర్లిస్తాడు. ఆ పాలమీద పాలవాడు జారిపడతాడు. కుక్క తరుముతుంది. చింపిరి ఒక ముసలాయన గొడుగు మీదికెక్కి ఊరంతా తిరుగుతాడు. చేపలబుట్టలో పడతాడు. చివరికి ఒంటినిండా బురదతో, నోట్లో చేపతలతో ఇంటికొస్తాడు. సరిగ్గా అప్పుడే తల్లి వస్తుంది. మూతి మీద ఒకటి అంటిస్తుంది. తర్వాత దగ్గరికి లాక్కుని, చిరిగిన ఆ చెవి నాకుతుంది. అయిపోయింది.

నేను చదవడం పప్పు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. కథలన్నీ సగంలో చిరిగి ఉండేవి. చివరలు దొరకని కథలు చదివీ చదివీ, చివర అన్నదాని విలువ నాకు తెలిసింది. నాకంటే బాగా తెలిసినది పైడి.

పైడి నీలవేణి కూతురు. నాలుగో ఏడు. మిగతా పిల్లలు పాలకుండ పగిలేసరికే తల్లుల్ని మరిచిపోయేవాళ్ళు. పైడి మరవదు. తల్లి కొంగు చివర పిడికిట్లో పట్టుకుని, గుడ్లప్పగించి సినిమా అంతా చూసేది. తల్లిపిల్లి వచ్చి చెవి నాకేదాకా కొంగు వదలదు. నాకిందంటే వదిలేస్తుంది. "ఎల్లు" అంటుంది. "ఎల్లొస్తానమ్మా" అని నీలవేణి చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తేది. రెండో కూతకీ ఆమె గేటు దాటడానికీ మధ్య ఒక చిటికె ఉండేదో లేదో.

ఇలా ఉండగా శాఖవారికి సత్ప్రవర్తన మీద ఉత్సాహం పుట్టింది. ఆ ఏడాదిని సత్ప్రవర్తన సంవత్సరంగా ప్రకటించి, పిల్లల కంటపడే ప్రతి ప్రాణీ, ప్రతి బొమ్మా మంచి నడవడి కలిగి ఉండవలెనని ఉత్తర్వు తీశారు. పక్క ఊరి కేంద్రంలో గోడమీద బొమ్మ కోతి చేతిలోని అరటిపండుకు సున్నం పూశారు, అది కొన్న పండని రుజువు లేనందువల్ల. మా కేంద్రానికి బాల సత్ప్రవర్తన పర్యవేక్షణాధికారి దక్షిణామూర్తి గారు స్వయంగా వచ్చారు. వెంట ఇద్దరు సభ్యులు. ఆయన ఏది అన్నా, ఒకరు "అవునండి" అనేవారు, ఇంకొకరు "అంతేనండి" అనేవారు. దాన్ని త్రిసభ్య సంఘం అంటారు.

సినిమా వేయించుకుని చూశారు. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఆ ముగ్గురూ చావుకబురు వింటున్నవాళ్ళలా కూర్చున్నారు. దీపాలు వెలిగాక దక్షిణామూర్తి గారు నన్ను పిలిచారు.

"ఈ మార్జాలం గృహము వీడునపుడు తల్లి అనుమతి పొందినదా?"

"నేదు బాబూ. తల్లి అప్పటికే ఎల్లిపోయుంది కదా."

"కిటికీ తెరచి ఉంచినది ఎవరు?"

"అది బొమ్మ బాబూ. తెరిసినట్టే గీసేరు."

"గీసినవాడి నిర్లక్ష్యం కూడా నమోదు చేయండి," అన్నారు ఆయన.

"అవునండి," అన్నారు ఒకరు.

"పిల్లలు నవ్వితే ఏటవుతాది బాబూ? ఏడుపు మరిసిపోతారు."

"అదే ప్రమాదం," అన్నారు దక్షిణామూర్తి గారు. "నేరమును చూచి నవ్విన శిశువు, రేపు నేరమును చేసి నవ్వును."

"అంతేనండి," అన్నారు రెండోవారు.

సూర్రావు ప్రొజెక్టరు వెనకనుంచి నా చెవిలో, "ఓలమ్మ, ఈయన పెళ్ళినాడైనా నవ్వేడంటావేటి?" అన్నాడు. నేను మోచేత్తో పొడిచాను. నాకు అధికారులంటే భయం. ఈ పూట పెద్దగొంతుతో మాట్లాడినవాళ్ళు మర్నాడు తాళంకప్పతో వస్తారని నా అనుభవం.

మర్నాడు చింపిరికి అభియోగపత్రం వచ్చింది. చౌర్యం, ఆస్తి ధ్వంసం, వృద్ధుల గొడుగును దుర్వినియోగం చేయుట, అనుమతి లేకుండా గృహము వీడుట. వీటికి గడువులోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. పత్రం అందుకున్నట్టు ముద్దాయి సంతకం పెట్టాలి. బంట్రోతు ఆ కాగితం పట్టుకుని రీలు డబ్బా ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత నిబంధన ప్రకారం, గ్రహీత స్వీకరించ నిరాకరించినందువల్ల, డబ్బా మూతకి జిగురుపెట్టి అంటించి పోయాడు.

గడువు దాటింది. పిల్లి పలకలేదు.

"సదరు మార్జాలము మౌనము వహించినందున నేరములు అంగీకరించినట్లు భావించడమైనది," అని దక్షిణామూర్తి గారు తీర్పు చదివారు. "అయిననూ ప్రభుత్వం దయామయం. ముద్దాయిని పూర్తిగా తొలగించక, సంస్కరించుటకు నిర్ణయించడమైనది."

సంస్కరణకు కత్తెర తెచ్చుకున్నారు. ముందు పాలకుండ కోశారు. సూర్రావు రీలు అతికించి వేసి చూపించాడు. పాలవాడు ఉత్తి నేలమీద ఢామ్మని పడ్డాడు.

"ఇతడు ఎందుకు పడుచున్నాడు?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"పాలు మీరే కోసేసేరు కదండీ," అన్నాడు సూర్రావు.

"కారణం లేని పతనము బాలలలో నిరాశ కలిగించును. తీసివేయండి."

పాలవాడు పోయాడు. అప్పుడు కుక్క, ఏ పాపం ఎరగని పిల్లిపిల్లని తరుముతున్నట్టయింది. నిరపరాధిని వేధించుట అని కుక్కను తీసేశారు. కుక్క లేకపోయేసరికి చింపిరి గొడుగెక్కడానికి కారణం లేకపోయింది. గొడుగు తీసేశారు. ఇన్ని పోయాక పిల్లి కిటికీలోంచి బయటికి పోయి చేస్తున్నదేమిటో బోధపడక, కిటికీ కూడా తీసేశారు.

"మా హాల్లో సినేమాలకి ముద్దులు కోసీవోరు," అన్నాడు సూర్రావు నాతో. "ఈల్లు కతని కోస్తన్నారు."

ఇంక చివర మిగిలింది. చింపిరి ఇంటికి రావడం, తల్లి రావడం.

"బాబూ, అందులో తప్పేటీ నేదు. బిడ్డ ఇంటికొచ్చింది. తల్లొచ్చింది. అదొక్కటీ ఉంచండి."

దక్షిణామూర్తి గారు నావైపు జాలిగా చూశారు. "నోట ఏమున్నదో గమనించితివా?"

"సేపతల."

"అది చోరసొత్తు. చోరసొత్తుతో గృహప్రవేశము! పైగా దానిని తల్లి చూచియు పోలీసువారికి అప్పగించలేదు."

"పోనీ సేపతల ఒక్కటీ కోసీండి."

"నోట్లో ఉందప్పా," అన్నాడు సూర్రావు. "చేపని కోస్తే మూతి పోతాది."

"తరువాత చెంపదెబ్బ," అన్నారు ఆయన. "శిశువులపై చేయిచేసుకొనుట నిషిద్ధము."

"ఆ తరవాత ముద్దు సేస్తాది కదా బాబూ. సెవి నాకుతాది."

"నాలుకతో శుభ్రపరచుట పారిశుద్ధ్య విభాగమునకు సమ్మతము కాదు."

"అవునండి." "అంతేనండి." కత్తెర పడింది.

అప్పటికి ఇంకేమి మిగిలిందంటే: తల్లిపిల్లి తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది. చింపిరి చాపమీద కూర్చుంటాడు. బయట ఎండ వస్తుంది. చింపిరి కూర్చునే ఉంటాడు. సినిమా మరీ పొట్టిదైందని ఆ కూర్చున్న ముక్కనే మళ్ళీ మళ్ళీ అతికించి పొడుగు చేశారు. కోసిన ముక్కల్ని సూర్రావు చేత వరసగా అతికించి, 'అభ్యంతరకర భాగములు' అని వేరే డబ్బాలో పెట్టి సీలు వేశారు. ఆ డబ్బాను పునఃపరిశీలన నిమిత్తం మా కేంద్రంలోనే సంఘంవారు దిగిన గదిలో ఉంచారు.

మర్నాడు పొద్దున్న సంస్కరించిన చింపిరిని వేశాం. తల్లిపిల్లి వెళ్ళింది. పిల్లిపిల్ల కూర్చుంది. పిల్లలు కిటికీ కోసం చూశారు. కిటికీ లేదు. పైడి చూస్తోంది. కొంగు పిడికిట్లో ఉంది. మొదటి కూత అయింది. పిల్లిపిల్ల కూర్చునే ఉంది. తెర తెల్లబడింది.

"తల్లేది?" అంది పైడి.

సూర్రావు రీలు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు.

"తల్లి రానేదు. ఆయమ్మా, దాని తల్లి రానేదు!"

ఒక్కసారిగా గావుకేక పెట్టింది. అది చూసి మిగతావాళ్ళు అందుకున్నారు. వాకిట్లో ఉన్న తల్లులందరూ వెనక్కి పరుగెత్తుకొచ్చారు. ప్రతి పిల్లా ఒక చీర పట్టుకుని వేలాడుతోంది. నేను ఒకరి వేళ్ళు విప్పితే ఇంకొకరు పట్టుకుంటున్నారు. ఈలోగా రెండో కూత వినపడింది. నీలవేణి కూలబడింది.

దక్షిణామూర్తి గారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ కళ్ళు తుడుచుకున్నారు. "పశ్చాత్తాపాశ్రువులు!" అన్నారు. "మొదటి రోజునే ఇంతటి పరివర్తన నేను ఊహించలేదు. నమోదు చేయండి."

వారం తిరిగేసరికి, రోజూ గేటు తప్పుతున్న నీలవేణితో ఫ్యాక్టరీ మేస్త్రి చివరి మాట చెప్పేశాడు. ఆమె తిన్నగా సంఘంవారి గదికి వచ్చింది. జీడిరసానికి నల్లబడ్డ చేతులు కొంగులో దాచుకుంది. అధికారి ఎదట వాటిని దాచుకోవడం ఎందుకో నాకర్థం కాలేదు. దాచుకోవలసినవాళ్ళు బల్లకి అవతల ఉన్నారు.

"బాబూ, సోమవారం నాను రెండో కూతకి గేటుకాడ నేకపోతే నా పీట ఇంకొకర్తికి ఇచ్చీస్తారు. మా గుంట పైడి వొదల్టం నేదు. ఆ తల్లిపిల్లొచ్చీ ముక్క ఒక్కటీ ఎయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అమ్మా, నీ ఆవేదన మాకు అర్థమైనది," అన్నారు దక్షిణామూర్తి గారు. "శిశువు తల్లిని వీడుటకు ఇష్టపడుట లేదు. అనగా దోషము ఎచట ఉన్నది?"

"ఎక్కడుంది బాబూ?"

"తల్లి వీడి పోవుటలో ఉన్నది!" ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కొత్త ఊహ వచ్చినప్పుడు ఆయన కూర్చోలేరు. "చిత్రమున తల్లిపిల్లి బిడ్డను వీడి పోవుచున్నది. మూలదోషము అదియే. ఇన్నాళ్ళు మనము పిల్లను శిక్షించితిమి, తల్లిని వదలితిమి."

"అవునండి!" "అంతేనండి!"

ఆ సాయంత్రమే తల్లిపిల్లిని కూడా కోసేసి, ఆ ముక్కను అభ్యంతరకర భాగముల మొదట్లో అతికించారు. తల్లి లేని పిల్లను చూపితే అనాథ అవుతుంది, అనాథ వేరే శాఖ కిందికి వస్తుంది, ఆ శాఖ అనుమతి కావాలి. అంచేత చింపిరిని కూడా కోశారు. ఇంక చింపిరి కూర్చోకముందరి కాస్త ముక్కే మిగిలింది: తెరమీద ఒక చాప, దానిమీద ఎండ. చాపకు ఎవరూ వంక పెట్టలేదు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

మూలదోషం దొరికాక ఆ వెలుగు తెరమీదనే ఆగుతుందా? గుమ్మానికి బోర్డు కట్టారు. నేను కూడబలుక్కుని చదివాను: "బిడ్డలను వీడి పోవు తల్లులు తమ బిడ్డలను ఇచట విడువరాదు. వీడి పోని తల్లులు నిరభ్యంతరముగా విడువవచ్చును."

"అంటే ఏటాయమ్మా?" అంది నీలవేణి.

"అంటే ఎవులూ రావొద్దని."

ఎవరూ రాలేదు. కొందరు పిల్లల్ని ముసలివాళ్ళ దగ్గర వదిలారు, కొందరు పక్కింట్లో. ఇద్దరు ముగ్గురు గదిలో పెట్టి గొళ్ళెం వేసుకుని పోయారని విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీలవేణికి ముసలివాళ్ళూ లేరు, పక్కిల్లూ లేదు. పనికి పోకుండా ఇంట్లో కూర్చుని సోమవారం కోసం భయపడుతోంది.

మా కేంద్రం మాత్రం అద్దంలా ఉంది. ఒక అరుపు లేదు, ఒక కుండ పగలలేదు, గోడమీద ఒక గీత లేదు. వండిన ఉగ్గు వండినట్టే ఉంది. దక్షిణామూర్తి గారు రోజూ గదులన్నీ తిరిగి, అల్లరి నిల్ అని రాసుకునేవారు. జిల్లా మొత్తం మీద అల్లరి నిల్ వచ్చిన కేంద్రం మాదొక్కటే. ఆదర్శ కేంద్రం బహుమతి మాకే అన్నారు.

ఈ రోజుల్లోనే నాకు ఒక సంగతి తెలిసింది. సాయంత్రం నాలుగయ్యేసరికి సంఘంవారు సూర్రావుని, ప్రొజెక్టరుని గదిలోకి పిలిపించుకుని తలుపు వేసుకునేవారు. అభ్యంతరకర భాగముల పునఃపరిశీలన. ఒకరోజు నేను టీ పట్టుకెళ్ళేసరికి లోపలినుంచి బల్ల గుద్దిన చప్పుడు. ఏదో గొడవనుకుని తలుపు తోశాను. గొడుగు మీద చింపిరి ఎగురుతున్నాడు. అవునండి గారు కడుపు పట్టుకుని ఉన్నారు. అంతేనండి గారు కుర్చీలోంచి కిందికి జారారు. దక్షిణామూర్తి గారు జేబురుమాలు నోట్లో కుక్కుకున్నారు, చెవులు ఎర్రబడి ఉన్నాయి.

నన్ను చూసి రుమాలు తీశారు. "ఎంతటి నీచము!" అన్నారు రొప్పుతూ. "ఆ కుక్క ముక్క సరిగా పరిశీలించలేదు. మరల వేయుము."

"రోజూ ఇంతే," అన్నాడు సూర్రావు తర్వాత. "ఆ కుక్క ముక్క ఇప్పటికి ఎన్నిసార్లు పరిశీలించేరో లెక్కే నేదు. రీలు అంచు పెర్ఫొరేసన్ చిల్లులు అరిగిపోతన్నాయి."

బహుమతి ఇవ్వడానికి రాజధానినుంచి డైరెక్టరు గారు వస్తున్నారన్నారు. ఆయనకి ఆ రోజు చాలా ఊళ్ళు ఉన్నందున మా ఊరికి పొద్దున్నే వస్తారట. సోమవారం.

ఫోటోలో పిల్లలు కావాలి కదా. ఇన్నాళ్ళూ రావద్దన్న పిల్లల్ని ఆ ఒక్క పూటకి తెమ్మని చాటించారు. నీలవేణి పైడిని చంకనేసుకుని అందరికంటే ముందే వచ్చింది.

"ఫోటో తీసేదాకా ఉంచుకుంటారు కదాయమ్మా. ఆ సందులో వొదిలీసి పరుగెట్టీస్తాను," అంది. పైడి రెండు చేతులా తల్లి కొంగు చుట్టుకుని, మెడలో ముఖం దాచుకుంది. ఎలా వదిలించుకుంటుందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలియదు.

డైరెక్టరు గారు బొద్దుగా, నిద్ర తీరనట్టు ఉన్నారు. దక్షిణామూర్తి గారు దండవేసి, ఉపన్యాసం మొదలుపెట్టారు. తెరమీద చాప వేశారు. డైరెక్టరు గారు చాపని కొంతసేపు చూశారు.

"ఇదేంటి?"

"సంస్కరింపబడిన చలనచిత్రమండి. ఇందు అభ్యంతరకరమైన అంశము ఒక్కటియు లేదు."

"అంశమే లేదు కదయ్యా. అసలు ఏం తీసేశారు?"

"సమస్తము, అయ్యా."

"అదే, ఏమిటని. రేపు పైన నన్నడిగితే, చాప చూశానని చెప్పనా? తీసింది ఎంత చెడ్డదో తెలిస్తేనే కదా తీసినందుకు మెచ్చుకునేది. అది వెయ్యండి."

దక్షిణామూర్తి గారు సభ్యులవైపు తిరిగి డబ్బా తెమ్మని సైగ చేశారు. ఈ తర్కాన్ని ఆయన కాదనలేరు. అది ఆయన తర్కమే. సీలు తీశారు. సూర్రావు తెరవైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

మొదటి కూత అయింది. తల్లిపిల్లి వెళ్ళింది. చింపిరి కిటికీలోంచి జారాడు. పిల్లల గుంపులోంచి ఒకటే కేక లేచింది. కుండ పగిలింది, పాలవాడు పడ్డాడు, ఇప్పుడు పడటానికి కారణం కూడా ఉంది. డైరెక్టరు గారి భుజాలు కదిలాయి. కుక్క వచ్చేసరికి ఆయన దండ ఊగింది. గొడుగు దగ్గర ఆయన బాహాటంగా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు. అవునండి, అంతేనండి గార్లు ఏమి చెయ్యాలో తెలియక దక్షిణామూర్తి గారి వైపు చూశారు. ఆయన రుమాలు వెతుక్కుంటున్నారు.

నేను తెర చూడటం లేదు. పిడికిలి చూస్తున్నాను.

పైడి, తల్లి మెడలోంచి ముఖం బయటికి పెట్టింది. చింపిరి బురదతో ఇంటికొచ్చాడు. తలుపు తీసుకుని తల్లి వచ్చింది. అంటించింది. దగ్గరికి లాక్కుంది. చిరిగిన చెవి నాకింది.

"వొచ్చీసింది," అంది పైడి. చుట్టు విప్పి కొంగు వదిలింది. "ఎల్లు."

"ఎల్లొస్తానమ్మా." నీలవేణి పిల్లను నా చేతిలో పెట్టి, కూర్చున్న పెద్దలమధ్య నుంచే, డైరెక్టరు గారి కాళ్ళు దాటుకుని పరుగెత్తింది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. రెండో కూత అయింది. అటునుంచి ఏ ఏడుపూ వినపడలేదు. ఎవరూ తిరిగి రాలేదు. నా జన్మలో ఎవరైనా తిరిగి రాకూడదని దండం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

"మళ్ళీ ఎయ్యి!" అని పైడి అరిచింది.

"మళ్ళీ వెయ్యండి," అన్నారు డైరెక్టరు గారు కూడా, కళ్ళు తుడుచుకుంటూ. రెండోసారి చూశాక గంభీరంగా లేచి నిలబడ్డారు. "ఘోరం. అతి ఘోరం. ఇంతటి దుష్ప్రవర్తనని దాచిపెడితే పిల్లలకి హెచ్చరిక ఎలా అందుతుంది? దీన్ని రోజూ వేసి చూపించాలి. హెచ్చరికగా."

"నేనును అదియే మనవి చేయబోవుచున్నాను అయ్యా," అన్నారు దక్షిణామూర్తి గారు.

కొత్త ఉత్తర్వు వారంలోగా వచ్చింది. అభ్యంతరకర భాగములను ప్రతి ఉదయము ప్రదర్శించవలెను. ప్రతి నేరము వద్ద బాలలు బిగ్గరగా "ఛీ ఛీ" అని ఖండించవలెను. బోర్డు దించారు. చాప సినిమాను, ఆమోదించినదే కాబట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు.

మా పిల్లలకి ఇంతకంటే గొప్ప వరం ఎవరూ ఇవ్వలేదు. ఇదివరకు ఉత్తినే నవ్వేవాళ్ళు. ఇప్పుడు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అరవవచ్చు. పాలకుండ పగిలితే పైకప్పు ఎగిరేలా "ఛీ ఛీ!" కుక్కకి "ఛీ ఛీ!" గొడుగుకి గెంతులతో "ఛీ ఛీ!" అందరికంటే పెద్దగొంతు పైడిది. తల్లిపిల్లి రాగానే మాత్రం ఛీ అనదు. నోరు మూసి, చెవి నాకడం అయ్యేదాకా చూసి, నీలవేణి వైపు తిరిగి "ఇంకెల్లమ్మా, కూతేస్తాడు" అంటుంది. నీలవేణి పీట నీలవేణికే ఉంది.

హెచ్చరికా ప్రదర్శన విధానాన్ని కనిపెట్టినందుకు దక్షిణామూర్తి గారికి ప్రమోషను వచ్చింది. ఇంకో జిల్లాలో పిల్లల ఉయ్యాలపాటల్ని పరిశీలించాలట. వాటిలో చందమామను ప్రలోభపెట్టి రప్పిస్తున్నారని ఫిర్యాదు ఉంది. జీపు ఎక్కబోతూ ఆయన గడప మీద ఆగారు.

"ఆయా, నేను వెళ్తున్నాను," అన్నారు.

గడప మీద ఎవరైనా ఆ మాట అంటే, ఆపి, మిగతా సగం పలికించకుండా నేను ఎన్నడూ కదలనివ్వలేదు. కూరగాయలమ్మినైనా, కరెంటు బిల్లు అబ్బాయినైనా.

"మంచిది బాబూ," అన్నాను.